ముందు ఒక గంట గోడకి ఆనుకుని చూడండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది పిల్లలు, సగం మంది వాళ్ల అమ్మానాన్నలు. అందరిదీ ఒకటే ప్రశ్న: బ్రేకింగ్, అంటే బ్రేక్ డాన్స్, నేర్చుకోవాలంటే ఎక్కడ చేరాలి? నేను ఇన్‌స్టిట్యూట్ల పేర్లు చెప్పను. వెళ్లినప్పుడు ఏం చూడాలో చెబుతాను.

ఈ డాన్స్ ఎలా పుట్టిందో తెలిస్తే ఆ చూపు దానంతటదే వస్తుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలి, అందుకు డబ్బులు కావాలి. పాటలు వేసింది వాళ్లన్న, డీజే కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోటే కుర్రాళ్లు రెచ్చిపోతున్నారని హెర్క్ కనిపెట్టాడు. దాన్నే బ్రేక్ అంటారు. అది కొన్ని సెకన్లే ఉంటుంది. దాన్ని సాగదీయడానికి ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మళ్లీ అందుకునేవాడు. ఆ బ్రేక్‌లో ఆడినవాళ్లే బీ-బాయ్స్, బీ-గర్ల్స్. అంటే ఈ డాన్స్‌కి ఒంటికన్నా ముందు చెవి కావాలి.

2024లో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లినా ఆ పద్ధతి మారలేదు. డీజే ఏ పాట వేస్తాడో ఆడేవాళ్లకు ముందుగా తెలియదు. జడ్జీలు చూసినవి ఐదు: టెక్నిక్, ఎన్ని రకాల మూవ్స్ వచ్చు, ఎంత తడబడకుండా చేశారు, సొంతదనం ఎంత, సంగీతంతో ఎంత కలిశారు. ఐదింటికీ సమానమైన విలువే. బంగారు పతకాలు జపాన్ అమ్మాయి అమికి, కెనడా కుర్రాడు ఫిల్ విజార్డ్‌కి వచ్చాయి. తలమీద గిరగిరా తిరగడం ఒక్కటే వస్తే చాలదని పిల్లలకు చెప్పడానికి నేను ఎప్పుడూ వాళ్ల వీడియోలే చూపిస్తాను.

నేను మొదట చేరిన చోట మూడు నెలలు ఒకే పాట నేర్పారు. యాన్యువల్ డే కోసం. సిమెంటు గచ్చు మీద టైల్స్, వార్మప్ లేదు, మొదటి వారమే బ్యాక్‌స్పిన్, అంటే వీపు మీద గిరగిరా తిరగడం. మణికట్టు వాచిపోయింది. అయినా స్టేజి మీద బాగానే చేశాను, చప్పట్లూ వచ్చాయి. తర్వాత వేరే ఊళ్లో ఒక జామ్‌కి, అంటే డాన్సర్లంతా ఒకచోట చేరి ఆడే చోటికి, వెళ్లాను. సర్కిల్‌లోకి పిలిచారు. ఎన్నడూ వినని పాట మోగుతోంది. కాలు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. అలాగే నిలబడిపోయాను.

ఆ రోజు నా పక్కకొచ్చి నిలబడిన ఒక సీనియర్ దగ్గరే తర్వాత నేర్చుకున్నాను. ఆయనకు స్టూడియో లేదు. కమ్యూనిటీ హాలు వరండాలో లినోలియం షీటు పరిచేవాడు. మొదటి నెలంతా టాప్‌రాకే, అంటే నిలబడి వేసే అడుగులే. స్పీకరు ఆపేసి, టిఫిన్ బాక్సు మూత మీద వేలితో స్నేర్ డ్రమ్ దెబ్బ కొట్టేవాడు. "అన్నా, ఫ్లేర్ ఎప్పుడు?" అని, అంటే చేతుల మీద నిలబడి కాళ్లు గాల్లో తిప్పే మూవ్ ఎప్పుడని, అడిగితే, "ఈ దెబ్బ మీద కాలు పడనీ, అప్పుడు చూద్దాం" అనేవాడు.

అందుకే డెమో క్లాసు చూసి ఫీజు కట్టకండి. డెమో రోజున అందరూ బాగానే చేస్తారు. మామూలు మంగళవారం సాయంత్రం చెప్పకుండా వెళ్లి గంటసేపు గోడకి ఆనుకుని కూర్చోండి. కూర్చోనివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే. ఆరు నెలల బ్యాచ్‌ని చూడండి. పది మంది ఒకేలా చేస్తుంటే అక్కడ నేర్పేది కొరియోగ్రఫీ. అదీ మంచి విద్యే, కానీ మీరు అడిగింది అది కాదు. పాట మార్చమని మాస్టర్‌ని అడగండి. పిల్లలు ఆగిపోతారా, కాసేపు విని అందుకుంటారా? అదొక్కటి చూస్తే చాలు.

నేలని మీరే చేత్తో తట్టి చూడండి. చెక్క గానీ, మంచి షీటు గానీ ఉండాలి. బీచ్ ఇసుకలో పిల్లిమొగ్గలు నేర్చుకున్న కుర్రాళ్లు అదే ధీమాతో గచ్చు మీద వేసి భుజాలు పాడుచేసుకోవడం నేను చూశాను. మణికట్టుకి, భుజానికి, మోకాలికి వార్మప్ చేయించని చోట ఒక్క రోజు కూడా ఉండొద్దు.

మాస్టర్ ఇప్పటికీ సైఫర్‌లోకి, అంటే డాన్సర్లు చుట్టూ నిలబడే ఆ సర్కిల్‌లోకి, దిగుతున్నాడా అని అడగండి. గెలవక్కర్లేదు, దిగితే చాలు. వేరే క్రూల, అంటే వేరే డాన్స్ బృందాల, జామ్‌లకు పిల్లల్ని పంపుతాడా, లేక "నా స్టూడెంట్ ఇంకెక్కడికీ వెళ్లకూడదు" అంటాడా అన్నది కూడా తెలుసుకోండి. అమ్మాయిలున్న అమ్మానాన్నలకు ఇంకో మాట: బ్యాచ్‌లో ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో, ఎన్నాళ్లుగా ఉన్నారో వాళ్లనే అడగండి.

యూట్యూబ్ చాలదా అంటారు. సిక్స్ స్టెప్‌లో, అంటే చేతులు నేలకి ఆనించి ఆరు అడుగుల్లో చుట్టూ తిరిగే మూవ్‌లో, చేతులు ఎక్కడ పెట్టాలో అది చూపిస్తుంది. మీ తుంటి కిందికి జారిపోతోందని అది చెప్పలేదు.

ఇక ఫీజు. ఏడాదిది ఒకేసారి కట్టమంటే కట్టకండి, నెలకే కట్టండి.

ఇప్పుడు ఆ ముందు వరుస కుర్చీలు కాస్త పక్కకి జరిపితే సిక్స్ స్టెప్ చూపిస్తాను. షూస్ వేసుకున్న పిల్లలు నలుగురు ముందుకు రండి. పాట మాత్రం ఏం వేస్తానో చెప్పను.