కాకిబంగారం గని చూద్దాం రండి

[ఎండలో మట్టిరోడ్డు. కెమెరా నేలకు దగ్గరగా.]

ఈ మట్టి చూడండి. ఎవరో వెండి పొట్టు చల్లి పోయినట్టు మెరుస్తోంది కదా! నెల్లూరు ప్రాంతంలోని గూడూరు వైపు నుంచి సైదాపురం దాటి లోపలికి వచ్చేకొద్దీ చెప్పులకీ, ప్యాంటు అంచులకీ, బండి సీటుకీ ఇదే. ఇంటికెళ్లి తలస్నానం చేసినా రెండు రోజులు చెవి వెనక మెరుస్తూనే ఉంటుంది.

దీని పేరు కాకిబంగారం. అంటే అభ్రకం. ఇక్కడ అందరూ మైకా అనే అంటారు. థంబ్‌నెయిల్‌లో బంగారం అని చూసి వచ్చినవాళ్లు తిట్టుకోకండి, పేరులో ఉంది మరి.

[పాత గని గుంత. పచ్చటి నీళ్లు.]

ఇది బ్రిటిష్ కాలం నుంచి తవ్విన ప్రాంతం. గని మూతపడ్డాక లోపల నీళ్లు ఊరాయి, గుంత చెరువులా తయారైంది. నేను గట్టుకు పది అడుగుల దూరంలోనే ఆగిపోయాను. కింద మట్టి బోలుగా ఉందో లేదో పైకి తెలియదు. దయచేసి రీల్స్ కోసం అంచుకు పోవద్దు, ఈతకు అసలే దిగొద్దు.

ఇంత లోతుకి ఎందుకు తవ్వారు? భూమి లోపల కరిగిన రాయి పగుళ్లలోకి చొరబడి గడ్డకడితే కొన్నిచోట్ల పెగ్మటైట్ అనే రాయి అవుతుంది. అందులో స్ఫటికాలు మామూలు రాళ్లలోకంటే చాలా పెద్దవిగా పెరుగుతాయి. మైకా అయితే పొరల మీద పొరలుగా, అట్ట వేసిన పుస్తకంలా ఉంటుంది. వ్యాపారంలో కూడా దాన్ని పుస్తకం అనే లెక్క. తవ్వేవాళ్లు ఆ రాతి చారను పట్టుకుని అది ఎటు పోతే అటు పోయారు.

మైకాలో రెండు గుణాలున్నాయి. కరెంటును పోనివ్వదు, వేడికి కాలదు. మీ ఇంట్లో పాత ఇస్త్రీపెట్టె పాడైతే విప్పి చూడండి, కాయిల్ చుట్టి ఉండేది దీని రేకుకే. పాత వాల్వు రేడియోల్లో, గాజు బుడ్డి లోపల తీగలు ఒకదానికొకటి తగలకుండా పట్టుకున్నదీ ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకీ రేడియోలకీ ఇది లేకపోతే పని జరగలేదు. జార్ఖండ్‌లోని కోడెర్మా వైపు మైకా ఎర్ర ఛాయ, మన నెల్లూరుది పచ్చ ఛాయ.

తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, వాల్వులు పోయాయి. మైకాకి బదులు వేరే సరుకులూ వచ్చాయి. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2015లో కేంద్రం మైకాని చిన్న తరహా ఖనిజాల జాబితాలోకి మార్చేసింది, 2025లో మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి తెచ్చింది. ఇప్పుడు ఇక్కడ లారీలు తిరిగేది తెల్లరాయి కోసం, అంటే క్వార్ట్జ్. ఒకప్పుడు మైకా ఏరుకుని దిబ్బ మీద పారేసిన రాయి!

[చెట్టు కింద ఒక అవ్వ. చేతుల క్లోజప్.]

దారిలో ఒక అవ్వ "యాడికి పోతుండారు నాయనా?" అని ఆపింది. చిన్నప్పుడు షెడ్డులో రేకులు చీల్చిందంట. దిబ్బలో దొరికిన ముక్క చేతికిస్తే, కత్తి మొన అంచులో దూర్చి, బొటనవేలితో మెల్లగా నెట్టింది. టప్ మని చిన్న చప్పుడు. ఒక పొర లేచింది. దాన్ని మళ్లీ రెండు చేసింది, మళ్లీ రెండు. చివరి రేకు నా అరచేతిలో పెడితే బరువే తెలియలేదు. అందులోంచి నా చేతిగీతలు కనిపిస్తున్నాయి.

"ఊపిరి ఇడవబాక, ఎగిరిపోతాది" అంది.

ఎగిరిపోయింది.