పాత స్నోబ్లోయర్ క్రాంక్‌షాఫ్ట్ ఆడుతోందా? డయల్ గేజ్ రివ్యూ

నమస్కారం అండీ. ఈ డయల్ గేజ్ (చిన్న కదలికను సూదితో చూపించే కొలత పరికరం), దాన్ని నిలబెట్టే మాగ్నెట్ బేస్ ఉన్న సెట్ రివ్యూ కోసం ఉచితంగా వచ్చింది, ముందే చెప్పేస్తున్నాను. ఒక్కో గీత 0.01 మి.మీ., సూది ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. నేరుగా పనిలోకి దిగుదాం. పాత స్నోబ్లోయర్ (మంచు తీసి విసిరేసే యంత్రం) ఇంజిన్లో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, ఎటు ఆడుతోంది, ఎంత ఆడుతోంది?

ఎటు అన్నదే ముందు చూడాలి. పుల్లీ పట్టుకుని బయటికీ లోపలికీ లాగితే షాఫ్ట్ టక్ టక్‌మంటుంది. ఇంజిన్ పోయిందని చాలామంది అక్కడే తేల్చేస్తారు. అది ఎండ్ ప్లే అండీ, షాఫ్ట్ బిగుసుకుపోకుండా తయారీలోనే వదిలిన ఖాళీ. బ్రిగ్స్ కంపెనీ పాత చిన్న ఇంజిన్లలో సాధారణంగా 0.05 నుంచి 0.20 మి.మీ. ఉంటుంది. టెకమ్సే కంపెనీ పాత ఎల్-హెడ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే) ఇంజిన్లలో చాలావాటికి 0.69 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. అంటే అర మి.మీ. కదలిక ఒకదానికి జబ్బు, ఇంకోదానికి మామూలు. మోడల్ నంబరు చూడందే ఏమీ చెప్పలేం.

పైకీ కిందికీ ఆడితే మాత్రం బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం లాంటి బేరింగ్) అరిగినట్టే. ఆ తేడా పట్టుకోవడానికే ఈ గేజ్.

ఇక్కడే ఈ సెట్ విసిగిస్తుంది. మాగ్నెట్ గట్టిదే, కానీ ఈ ఇంజిన్ల బాడీ అల్యూమినియం. అంటుకోదు! పోనీ స్నోబ్లోయర్ ఇనుప ఫ్రేమ్‌కి పెడదామా అంటే, షాఫ్ట్ ఎత్తినప్పుడు ఇంజిన్ మొత్తం ఫ్రేమ్ మీద కొద్దిగా కదులుతుంది, ఆ కదలిక కూడా సూదిలోకి వచ్చేస్తుంది. బాగున్న బుష్ అరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి 6 మి.మీ. మందం ఇనుప పలక ఒకటి కోసి, షాఫ్ట్ చుట్టూ సైడ్ కవర్ మీదున్న మర రంధ్రాలకి రెండు బోల్టులతో బిగించండి. బేస్ దాని మీద పెట్టండి. ఈ చిన్న పలక సెట్‌లోనే ఇచ్చి ఉండాల్సింది. ఇంతకుముందు వచ్చిన చాలా సెట్లలోనూ ఇదే లోటు.

కొలిచే ముందు ప్లగ్ వైరు పీకేయండి, బెల్టులు రెండూ తీసేయండి. బెల్టు బిగువు షాఫ్ట్‌ని ఒకవైపు లాగి పెడుతుంది, ఆడే ఖాళీ (ప్లే) దాక్కుంటుంది. గేజ్ మొన సీల్‌కి (ఆయిల్ కారకుండా షాఫ్ట్ చుట్టూ ఉండే రింగు) వీలైనంత దగ్గరగా, షాఫ్ట్‌కి నిలువుగా ఆనాలి. చివర్లో ఆనిస్తే అదే ప్లే ఎక్కువగా చూపిస్తుంది. షాఫ్ట్ మీద పుల్లీ కీ కూర్చునే గాడి మీద పడనివ్వకండి. చేత్తో షాఫ్ట్ ఎత్తండి, వదలండి. పెద్ద రాడ్ పెట్టి ఎత్తితే బాడీయే వంగుతుంది. తర్వాత గేజ్‌ని పక్కకి మార్చి, బెల్టు లాగే దిక్కులో కూడా కొలవండి. రెండు దిక్కుల్లో రీడింగ్ వేరుగా వస్తే బుష్ కోడిగుడ్డులా అరిగింది.

కొత్త బుష్‌లో ఈ ఖాళీ గేజ్ మీద కొన్ని గీతలే. ఇరవై, పాతిక గీతలు దాటితే సీల్ ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది, ఎందుకంటే షాఫ్ట్ ఊగుతూ సీల్ పెదవిని ఒకవైపు నొక్కేస్తుంది. రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకి చెక్కే పనిముట్టు) వేసి కొత్త బుష్ కొట్టాలి, లేదా సైడ్ కవర్ మార్చాలి.

ఫ్లైవీల్ (షాఫ్ట్ రెండో చివర తిరిగే బరువైన చక్రం) వైపు కూడా వదలొద్దు. స్పార్క్ పుట్టించే కాయిల్ కాళ్ల మీద మెరిసే గీత కనిపిస్తే ఫ్లైవీల్ రాసుకుంటోంది. పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే స్విచ్) ఉన్న ఇంజినైతే ఇంకా తొందరగా తెలుస్తుంది: టెకమ్సే పాయింట్ల గ్యాప్ దాదాపు 0.5 మి.మీ., షాఫ్ట్ 0.2 మి.మీ. ఊగితే స్పార్క్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. అప్పుడు కార్బ్యురేటర్ ఎంత కడిగినా దండగే.

గేజ్ సంగతికొస్తే, పది సార్లు నొక్కి వదిలినా సూది అదే గీత మీదికి తిరిగొచ్చింది. అది చాలు, గేజ్ నాకు బాగా నచ్చింది, తీసుకోండి. బేస్‌కి మాత్రం పలక మీరే కోసుకోవాలి, బోల్టులు మరీ పొడుగువి వేయకండి, రంధ్రం అడుగున తగిలి అల్యూమినియం పగులుతుంది.