పత్తి కట్టెను కాల్చిన చేనిలో తొలకరి వాన

వ్యాఖ్యాత: హైదరాబాద్ స్టూడియోలో ఉన్న నేల శాస్త్రవేత్తతో మాట్లాడేందుకు వికారాబాద్ జిల్లా నుంచి ఒక రైతు లైన్‌లో ఉన్నారు. మీ ప్రశ్న అడగండి.

శ్రోత: నమస్కారం మేడమ్. మాది ఎర్ర చల్క నేల. పత్తి కాయలను తొలిచే గులాబీ రంగు పురుగు భయంతో ఏటా వేసవిలో పత్తి కట్టెను చేనిలోనే కుప్పలు వేసి కాలుస్తున్నాము. నిరుడు తొలకరిలో ఒకే రోజు కుండపోతగా కురిసి, తరువాత చాలా రోజులు చినుకు పడలేదు. మొలకలు పసుపు రంగుకు తిరిగాయి. బూడిద నేలకు బలమే కదా, మరి ఇలా ఎందుకు జరిగింది?

శాస్త్రవేత్త: నమస్కారమండీ. బూడిదలో బలం ఉన్న మాట నిజమే. పొటాష్, భాస్వరం, సున్నం చాలావరకు అందులోనే మిగులుతాయి. నత్రజని మాత్రం మిగలదు. సుమారు 200 డిగ్రీల వేడికే అది వాయువుగా మారి పోవడం మొదలవుతుంది, కట్టె మంట వేడి అంతకు ఎంతో ఎక్కువ. గంధకం కూడా కొంత పోతుంది. కుప్ప కాలిన చోట పైమట్టిలోని సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు మాడిపోతాయి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కూడా లేని చల్క నేలలు మనకు ఎన్నో ఉన్నాయి కనుక ఈ నష్టం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఇక వాన సంగతి. వేసవి అంతా ఎండిన నేల తడవగానే, మిగిలిన సూక్ష్మజీవులు ఒక్కసారిగా చురుకై, ఎండకు చచ్చిన జీవుల అవశేషాలను కుళ్ళబెట్టి నత్రజనిని విడుదల చేస్తాయి. దీనిని 1958లో వివరించిన శాస్త్రవేత్త పేరు మీదుగా బర్చ్ ప్రభావం అంటారు. అప్పటికి పైరు వేర్లు ఉండవు. వాన నెమ్మదిగా పడితే ఆ నత్రజనిలో చాలా భాగం నేలలోనే నిలుస్తుంది. కుండపోతగా పడితే, నీటిలో కరిగే నత్రజని రూపమైన నైట్రేట్ లోపలి పొరల్లోకి దిగిపోతుంది, బూడిద, సన్నని మట్టి నీటితో పాటు కొట్టుకుపోతాయి. కప్పు లేని చల్క నేల పైన గట్టి పెచ్చు కట్టి, తరువాతి వానను కూడా సరిగా ఇంకనివ్వదు. ఆపైన బెట్ట వచ్చిందంటే, మిగిలిన పోషకాలు సైతం వేరును చేరలేవు, ఎందుకంటే అవి నీటితోనే కదులుతాయి. ఇలా నత్రజని అందకే మీ మొలకలు పసుపు రంగుకు తిరిగి ఉంటాయి.

శ్రోత: కాల్చకపోతే పురుగు మాటేమిటి మేడమ్?

శాస్త్రవేత్త: మీ భయం సరైనదే. పురుగు ప్రధానంగా చెట్టుపై మిగిలిన కాయల్లో దాగి ఉంటుంది. ఆఖరి తీత కాగానే గొర్రెలను, మేకలను చేనిలో మేపండి, మిగిలిన, సరిగా విచ్చుకోని కాయలను ఏరి నాశనం చేయండి. ఆ తరువాత కట్టెను యంత్రంతో ముక్కలు చేయించి, పేడనీళ్ళు చల్లి గుంతలో కుళ్ళబెట్టండి. పచ్చి ముక్కలను విత్తే ముందు మట్టిలో కలపకండి. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు మళ్ళీ పసుపు రంగుకు తిరుగుతుంది.

శ్రోత: యూరియా ఎప్పుడు వేయమంటారు?

శాస్త్రవేత్త: విత్తేటప్పుడే మొత్తం వేయకండి. మొక్క వేరూనాక, నేల తడిగా ఉన్నప్పుడు, మొదళ్ళకు కొంచెం దూరంలో విడతలుగా వేసి మట్టితో కప్పండి. భారీ వాన సూచన ఉంటే ఆ విడతను వాన తగ్గేదాకా ఆపండి.