ఆ డౌట్ నా ఒక్కదానిదే అనుకున్నాను

శ్రోతలందరికీ నమస్కారం.

నేను గణాంకశాస్త్రం చదువుతున్నాను. యూనివర్సిటీలో ఇది నాకు ఆఖరి సంవత్సరం. అక్కడి జీవితం గురించి చెప్పమంటే చాలామంది రెండు వేరు వేరు కథలు చెబుతారు. క్లాసులు, పరీక్షలు, మార్కులు ఒక కథ. హాస్టల్, స్నేహాలు, కబుర్లు ఇంకో కథ. నా విషయంలో మాత్రం ఈ రెంటికీ అడ్డుపడింది ఒకటే. మొహమాటం.

మొదటి సెమిస్టర్‌లో ఒక రోజు సార్ బోర్డు మీద స్టాండర్డ్ డీవియేషన్ లెక్క చేస్తున్నారు. సంఖ్యలు సగటు చుట్టూ ఎంత ఎడంగా పరుచుకున్నాయో చెప్పే లెక్క అది. ఒక్కో సంఖ్య సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, అన్నీ కూడి, భాగించి, వర్గమూలం తీయాలి. పది సంఖ్యలున్నాయి కాబట్టి పదితో భాగిస్తారని నేను ఎదురుచూశాను. సార్ తొమ్మిదితో భాగించారు. "ఇది శాంపిల్ కాబట్టి ఎన్ మైనస్ వన్" అని ఒక్క మాట అని ముందుకెళ్లిపోయారు. శాంపిల్ అంటే పెద్ద గుంపులోంచి తీసుకున్న కొన్ని సంఖ్యలు, ఎన్ అంటే వాటి లెక్క.

నా పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆ ఒకటి ఎందుకు తగ్గింది? చుట్టూ చూశాను. అందరూ తల వంచుకుని రాసుకుంటున్నారు. ఒక్కరి ముఖంలోనూ తడబాటు లేదు. సరే, ఇది అందరికీ తెలిసిన విషయమే కాబోలు, నాకే రాలేదనుకుని నేనూ రాసుకున్నాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. సెమిస్టర్ అయిపోయేసరికి ఆ నోట్‌బుక్ మార్జిన్ల నిండా ప్రశ్నార్థకాలే. ఒక్కటీ నోరు దాటి బయటికి రాలేదు.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో అలవాటు ఉండేది. క్లాసులో నా పక్క కుర్చీలో బ్యాగు పెట్టేదాన్ని. ఎవరి కోసమో ఆపినట్టు కనిపిస్తుంది కదా. నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదని నలుగురికీ తెలియకుండా ఉండడానికి అదొక ఏర్పాటు. రాత్రి అమ్మ ఫోన్ చేసి "ఫ్రెండ్స్ దొరికారా తల్లీ?" అని అడిగితే "ఆ, బాగానే ఉన్నారమ్మా" అనేదాన్ని. ఇంటికి దూరంగా చదువుకునే పిల్లలు చెప్పే ఈ చిన్న అబద్ధం వినేవారిలో చాలామంది అమ్మానాన్నలకు తెలిసే ఉంటుంది. ఆ "బాగానే" అన్న మాట కాస్త తొందరగా వస్తే, ఇంకో రెండు నిమిషాలు ఫోన్ పెట్టేయకుండా ఉండండి. మా అమ్మ అలా ఉండేది. నేను ఏమీ చెప్పకపోయినా ఆ రెండు నిమిషాలు నాకు కావాల్సి వచ్చేవి.

మొదటి ఇంటర్నల్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. ఆ సాయంత్రం లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చుని నోట్స్ తిరగేస్తుంటే, ఎదురుగా కూర్చున్న మా క్లాసమ్మాయి నా మార్జిన్ వైపు వేలు చూపించి నెమ్మదిగా అంది: "ఇక్కడ నీకు కూడా అర్థం కాలేదా?"

ఆ "కూడా" అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇద్దరం కలిసి వెనక టేబుల్ దగ్గరున్న మరో ఇద్దరిని అడిగాం. వాళ్లకీ తెలియదు. నలుగురం సూత్రం పక్కన పెట్టి, అయిదు సంఖ్యలు తీసుకుని మొదలుపెట్టాం. అయిదింటి సగటు ముందే తెలుసనుకోండి. నాలుగు సంఖ్యలు చెప్పేస్తే అయిదోది మీరు చెప్పక్కర్లేదు, దానంతటదే తేలిపోతుంది. అంటే స్వేచ్ఛగా మారగలిగినవి నాలుగే. పైగా ఆ సగటు తీసింది కూడా ఈ సంఖ్యల నుంచే కాబట్టి, అవి తమ సగటుకు కాస్త దగ్గరగానే ఉంటాయి. అయిదుతో భాగిస్తే మొత్తం గుంపులో ఉన్న అసలు ఎడం కన్నా తక్కువ చూపిస్తుంది. ఆ లోటు సర్దడానికే నాలుగు. ఇది తేలేసరికి గంటన్నర పట్టింది. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదని మర్చిపోయి ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు యూనివర్సిటీ చదువు నిజంగా మొదలైంది ఆ రోజే. స్నేహం మొదలైంది కూడా ఆ రోజే.

తర్వాత ఎప్పుడో ఒక ప్రయోగం గురించి చదివి ఆశ్చర్యపోయాను. 1987లో డేల్ మిల్లర్, క్యాథీ మెక్‌ఫార్లండ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ప్రచురించారు. విద్యార్థులకు కావాలనే అర్థం కాని వ్యాసం ఒకటి ఇచ్చి, మరీ ఇబ్బందైతే వచ్చి అడగమన్నారు. తాము అడగకపోవడానికి కారణం సిగ్గని ఎవరికి వారికి తెలుసు. పక్కవాళ్లు అడగకపోతే మాత్రం, వాళ్లకు అర్థమైపోయిందని అనుకున్నారు. అచ్చం మా క్లాసే! అరవై మందిమి ఒకరి మౌనం చూసి ఒకరం భయపడుతూ కూర్చున్నాం.

సాయం అడగడంలోనూ మన అంచనా ఇంతే. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాల్గొన్నవాళ్లు క్యాంపస్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లను ఆపి ప్రశ్నపత్రం నింపమని అడగాలి. అయిదుగురు ఒప్పుకోవాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుందని ముందే అడిగితే, దాదాపు 20 మందిని అన్నారు. తీరా వెళ్లి అడిగితే సుమారు 10 మందితో పని అయిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అడిగితే పెట్టేవాళ్లు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమంది ఉంటారని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ నలుగురి గుంపు ప్రతి బుధవారం సాయంత్రం కూర్చునేది. చదివి వినిపించుకోవడం కాదు, పుస్తకం మూసి ఒకరినొకరు ప్రశ్నలు అడగడం. దీనికీ మంచి ఆధారం ఉంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో చూపించారు: ఒక పాఠం నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం. విచిత్రం ఏమిటంటే అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. పరీక్ష ముందురోజు రాత్రంతా చదివితే వచ్చే ధీమా ఆ అయిదు నిమిషాలదే. నేను ఆ ధీమాని నమ్మి ఒక సబ్జెక్టు పోగొట్టుకున్నాను. మళ్లీ రాసి పాసయ్యాను.

స్నేహాల మాటకొస్తే, ఒక్క సాయంత్రంతో అన్నీ సర్దుకోలేదు. ఎవరితోనైనా మాట్లాడి గదికి వచ్చాక, అతిగా మాట్లాడానా, విసుగు తెప్పించానా అని రాత్రంతా టెన్షన్. ఇది కూడా నా ఒక్కదాని జబ్బు కాదట. మాట్లాడుకున్న తర్వాత అవతలి మనిషి మనల్ని ఎంత ఇష్టపడ్డారో మనం తక్కువగా అంచనా వేస్తామని 2018లో ఒక పరిశోధన బృందం చూపించింది. ఒకే వసతిలో ఉండే మొదటి ఏడాది విద్యార్థుల్లో ఈ పొరపాటు అంచనా నెలల తరబడి సాగింది. అదే ఏడాది జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు ఇంకో లెక్క తేల్చారు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావాలంటే 200 గంటలకు పైగా కలిసి గడపాలట.

200 గంటలు! పొద్దున్నే దూరం నుంచి బస్సులో వచ్చి, క్లాసు అవగానే పనికి పరిగెత్తే విద్యార్థికి అన్ని గంటలు ఎక్కడివి? మా క్లాసులో ఒకతను మూడేళ్లూ అలాగే చదివాడు. తెలివైనవాడు. మేం కూర్చునే బుధవారం సాయంత్రం ఒక్కసారి కూడా రాలేకపోయాడు. ఇది అతని మొహమాటం కాదు. టైమ్‌టేబుల్ వేసేవాళ్లను నేను వేడుకునేది ఇదే: మధ్యాహ్నం క్లాసుల మధ్యే ఒక ఖాళీ గంట, కలిసి కూర్చోవడానికి ఒక తెరిచిన గది ఇవ్వండి. యూనివర్సిటీ అనే మాటకు మూలమైన లాటిన్ మాట యూనివర్సిటాస్ చెప్పేది కట్టడం గురించి కాదు, కూడిన మనుషుల సంఘం గురించి. 1088లో మొదలైందని చెప్పే ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీలో విద్యార్థులే సంఘాలు కట్టి గురువులను కుదుర్చుకునేవారు, పాఠానికి ఆలస్యమైన గురువుకు జరిమానా వేసేవారు. మాకు జరిమానాలు వేసే అధికారం అక్కర్లేదు. గది చాలు.

గురువులకు కూడా ఒక మాట. "డౌట్స్ ఉన్నాయా?" అని అడిగి రెండు సెకన్లలో పుస్తకం మూసేస్తే మా చేయి లేవదు. రెండో ఏడాదిలో ఒక క్లాసులో, ప్రశ్న అడిగిన అబ్బాయితో "ఇది కూడా తెలియకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చావు?" అన్నారు. ఆ సెమిస్టర్ మొత్తంలో ఆ క్లాసులో ఇంకెవరూ నోరు విప్పలేదు. అదే ఏడాది ఇంకో మేడమ్, క్లాసు చివర చిన్న చీటీలు ఇచ్చి పేరు లేకుండా అర్థం కానిది రాయమనేవారు. మర్నాడు ఆ చీటీలతోనే పాఠం మొదలయ్యేది. మేం ఎన్ని రాసేవాళ్లమో!

ఈ మధ్య ఒక జూనియర్ అమ్మాయి క్లాసు బయట నన్ను ఆపి, "అక్కా, ఎన్ మైనస్ వన్ ఎందుకు?" అని అడిగింది. అక్కడే మెట్ల మీద కూర్చుని అయిదు సంఖ్యలు రాశాం.

ఇప్పుడు నా ప్రాజెక్టు నడుస్తోంది. డేటాలో కొన్ని చోట్ల విలువలు లేవు. వాటిని వదిలేయాలా, అంచనా వేసి నింపాలా అన్నది నాకు ఇంకా తేలలేదు. సోమవారం గైడ్ గారిని అడగాల్సిన రెండు ప్రశ్నలు నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను. ఈసారి పెన్నుతో.

సెలవు.