పీసీఓఎస్: రిపోర్టులో రాయని బాధలు

నమస్కారం. పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, ఆడవారిలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) అనగానే అందరూ రెండే అడుగుతారు: బరువు తగ్గారా, పిల్లల సంగతేమిటి? ఆ సమస్య ఉన్న ఆమెకు రోజు ఎలా గడుస్తోందో అడిగేవారు తక్కువ. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

గడ్డం మీద వచ్చే వెంట్రుకలనే తీసుకోండి. మగవారిలో ఎక్కువగా ఉండే ఆండ్రోజెన్ హార్మోన్లు ఈమెలో ఎక్కువ కావడం వల్ల వచ్చేవి ఇవి. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, వెలుతురు పడేలా తల వెనక్కి వంచి, ప్లక్కర్‌తో ఒక్కొక్కటే పీకుతుంది. మళ్లీ మొలిచినవి వేలికి గరుకుగా తగులుతాయి. ఎవరితోనైనా దగ్గరగా మాట్లాడుతుంటే చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోతుంది. డాక్టర్లు ఒంటి మీద 9 చోట్ల చూసి వీటికి మార్కులు వేస్తారు. మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన బాధా తక్కువేనని అనుకుంటే పొరపాటు. పైగా మందు మొదలుపెట్టాక తేడా తెలియడానికి 6 నెలలైనా పడుతుంది. ఆ ముక్క ముందే చెప్పకపోతే ఎవరికైనా మధ్యలోనే విసుగొస్తుంది.

నెలసరి సంగతి చూడండి. రెండు నెలలు జాడ ఉండదు, వచ్చిందంటే ఒక్కోసారి ఆగదు. ఏ ప్రయాణం పెట్టుకోవాలన్నా జంకే. ఆలస్యమైన ప్రతిసారీ గర్భమేమోనన్న ఆలోచన: బిడ్డ కావాలనుకునేవారికి ఆశ పుట్టి విరుగుతుంది, వద్దనుకునేవారికి గుండె దడ.

ఇక బరువు. 'కాస్త నోరు కట్టుకో' అనడం అందరికీ తేలికే. ఈ సమస్య ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాంతో శరీరం దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అదే అండాశయాలను మరిన్ని ఆండ్రోజెన్లు తయారుచేయమని ఎగదోస్తుంది. ఇంత జరుగుతుంటే, బరువు తగ్గకపోవడాన్ని బద్ధకమని తేల్చేయడం అన్యాయం. సన్నగా ఉన్నవారికీ పీసీఓఎస్ వస్తుంది. 'నీకేమిటి, బాగానే ఉన్నావుగా' అని వాళ్ల మాట కొట్టిపారేస్తారు.

ఈ బాధలను కొలవడానికి 1998లో 26 ప్రశ్నల పత్రం ఒకటి తయారైంది. మనసు, వెంట్రుకలు, బరువు, సంతానలేమి, నెలసరి అన్నీ అందులో ఉన్నాయి. మొటిమలకు మాత్రం చోటు దొరకలేదు! మొహం నిండా మొటిమలున్న అమ్మాయికి అది చిన్న బాధా? తర్వాత వాటినీ చేర్చారు.

పీసీఓఎస్ ఉన్నవారందరిలోనూ కుంగుబాటు, ఆందోళన ఉన్నాయేమో చూడాలని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి: నిద్ర పట్టడం లేదని, నలుగురిలోకి వెళ్లాలనిపించడం లేదని. స్కాన్ రిపోర్టు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.