రంగు నీటిలో బొగ్గు: సూక్ష్మజీవులకు తోడా, వాటికి బదులా?

వ్యాఖ్యాత: నమస్కారం. అద్దకం నీటి శుద్ధి గురించి మాట్లాడుకోవడానికి ఈ రోజు ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఒక పర్యావరణ ఇంజినీరు, శుద్ధి కేంద్రాన్ని నడిపిన ఒక నిర్వాహకురాలు మనతో ఉన్నారు. మేడమ్, బట్టకు అంటని రంగు ఎంత ఉంటుంది?

నిర్వాహకురాలు: నూలు బట్టకు వాడే రియాక్టివ్ రంగుల్లో పదో వంతు నుంచి, కొన్నిసార్లు సగం దాకా నీటిలోనే మిగిలిపోతుంది. నీటితో చర్య జరిపి పాడైన ఆ రంగు మళ్లీ వాడుకోవడానికి పనికిరాదు. దానితో పాటు ఉప్పు, క్షారం కూడా వస్తాయి. బ్యాక్టీరియాకు గాలి అందించే మా ఏరేషన్ ట్యాంకులో బీఓడీ, అంటే బ్యాక్టీరియా తినగల మలినాల కొలత, చక్కగా తగ్గేది. బయటికి వెళ్లే నీరు మాత్రం ఎర్రగానే ఉండేది. అది రోజూ చూడటం కష్టంగా ఉండేది.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, బ్యాక్టీరియా మిగతావన్నీ తింటూ రంగును ఎందుకు వదిలేస్తుంది?

శాస్త్రవేత్త: ఎండకు, ఉతుకుకు, చెమటకు చెదరకూడదనే ఆ అణువులను అలా తయారుచేశారు. వాడుకలో ఉన్న రంగుల్లో సగానికి పైగా అజో రంగులే. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధమే వాటి రంగుకు మూలం. గాలి ఉన్న ట్యాంకులో బ్యాక్టీరియా వదిలే ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ ముందుగా లాక్కుంటుంది, రంగు దాకా అవి చేరవు. ఆక్సిజన్ లేని ట్యాంకులో చేరతాయి. బంధం తెగి నీరు తేటపడుతుంది.

వ్యాఖ్యాత: అంతటితో పని పూర్తయినట్టేనా?

శాస్త్రవేత్త: కాదండీ, ఇక్కడే చాలామంది పొరబడతారు. తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు. కంటికి కనిపించవు, కానీ వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. వాటిని విచ్ఛిన్నం చేయడానికి గాలి ఉన్న రెండో ట్యాంకు తప్పనిసరి. తేటగా కనిపించే నీరు శుభ్రమైనదని నమ్మకూడదు.

వ్యాఖ్యాత: ఇందులో బొగ్గు చేసే పని ఏమిటి, ఇంజినీరు గారూ?

ఇంజినీరు: యాక్టివేటెడ్ కార్బన్‌ను, అంటే లోపల సన్నని రంధ్రాలు ఉండేలా తయారుచేసిన బొగ్గును, చాలామంది చివర్లో పెట్టే వడపోతగానే చూస్తారు. గ్రాము బొగ్గులో 500 నుంచి 1,500 చదరపు మీటర్ల లోపలి ఉపరితలం ఉంటుంది కాబట్టి అది రంగును పట్టుకుంటుంది. నిండగానే మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. దాన్ని సూక్ష్మజీవుల మధ్యే వేయాలని నేను చాలా కాలంగా చెబుతున్నాను. పొడి బొగ్గును నేరుగా ఏరేషన్ ట్యాంకులో కలిపే పద్ధతిని డ్యూపాంట్ సంస్థ 1970లలోనే అభివృద్ధి చేసింది. లోపలికి వచ్చే నీటికి లీటరుకు 50 మిల్లీగ్రాములు వేశామనుకోండి. నీరు ఒక్క రోజే ట్యాంకులో ఉంటుంది, బురద, అంటే సూక్ష్మజీవుల ముద్ద, మాత్రం తిరిగి తిరిగి 20 రోజులు ఉంటుంది. బురదతో పాటే బొగ్గూ నిలుస్తుంది. చివరికి ట్యాంకులో లీటరుకు 1,000 మిల్లీగ్రాములు పోగవుతుంది.

నిర్వాహకురాలు: ఉన్నట్టుండి గాఢమైన రంగు నీరు వచ్చి పడిన రోజున ఆ నిల్వ విలువ తెలుస్తుంది. విషపు దెబ్బను ముందు బొగ్గు కాస్తుంది. బురద కూడా బరువెక్కి తొందరగా అడుగుకు దిగుతుంది.

శాస్త్రవేత్త: నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. బొగ్గు ఉపరితలం మీద క్వినోన్ సమూహాలు ఉంటాయి. బ్యాక్టీరియా దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని అవి రంగు అణువుకు అందిస్తాయి. బావి దగ్గర వరసగా నిలబడి బిందె చేతులు మార్చుకున్నట్టు! ఆక్సిజన్ లేని ట్యాంకులో ఇలా జరుగుతుందని నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2003లో చూపించారు. ఈ పనిలో బొగ్గు ఖర్చైపోదు. బొగ్గును నేను గౌరవించేది ఇందుకే.

వ్యాఖ్యాత: ఒక అభ్యంతరం ఉంది. నీటిలోని రంగు బురదలోకి మారింది, అంతే కదా?

ఇంజినీరు: పట్టుకున్నదాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది, బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది.

శాస్త్రవేత్త: అక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించలేను. ఎంజైములు బొగ్గులోని అతి సన్నని రంధ్రాల్లోకి దూరలేవు. బయటి నీటిలో గాఢత తగ్గినప్పుడు లోపలి నుంచి ఊరి వచ్చిన మేరకే బ్యాక్టీరియాకు అందుతుంది. గట్టిగా అతుక్కున్నది లోపలే ఉండిపోతుంది.

ఇంజినీరు: సరే, పాక్షికంగానే ఖాళీ అవుతుందని ఒప్పుకుంటాను. అందుకే బయటికి తీసే బురదను రంగుతో, బొగ్గుతో కలిసిన వ్యర్థంగానే చూడాలి. పొలంలో చల్లకూడదు.

నిర్వాహకురాలు: కొనుగోలు గురించి కూడా చెప్పాలి. అయోడిన్ సంఖ్య ఎక్కువగా ఉందని బొగ్గు కొంటారు. అది చిన్న రంధ్రాల కొలత. రియాక్టివ్ రంగుల అణువులు పెద్దవి, వాటికి మధ్యస్థ రంధ్రాలు కావాలి. ఆ పొరపాటు మేమూ చేశాం. పాలిస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగులు నీటిలో సరిగా కరగవు, వాటికి గడ్డకట్టించే రసాయనాలే మేలు. ఉప్పునైతే ఏ బొగ్గూ తీయలేదు.

వ్యాఖ్యాత: మరి తమ నీటికి బొగ్గు పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇంజినీరు: మూడు పాత్రలు పెట్టండి. ఒకదానిలో బురద, ఒకదానిలో బొగ్గు, మూడోదానిలో రెండూ. మూడింటికీ రోజూ తమ నీరే పోయాలి. మొదటి వారం ఫలితం చూసి సంతోషపడకండి, అప్పటికి బొగ్గు ఇంకా ఖాళీగానే ఉంటుంది.

నిర్వాహకురాలు: ఎన్నాళ్లు చూడాలి?

ఇంజినీరు: బురద వయసుకు, అంటే అది ట్యాంకులో నిలిచే రోజులకు, కనీసం మూడు రెట్లు. 20 రోజుల బురదైతే రెండు నెలలు. బొగ్గు మాత్రమే ఉన్న పాత్రలో నీరు మళ్లీ ఎర్రబడ్డాక కూడా మూడో పాత్ర రెండో నెలలో తేటగా ఉంటే, అప్పుడు కొనండి.