నైట్రోజినేజ్: ఆరు చాలినచోట ఎనిమిది ఎందుకు?

అందరికీ నమస్కారం.

ఇది ఈ ఉదయం వేరుశనగ చేలో నుంచి వేళ్లు తెగకుండా తవ్వి తెచ్చిన మొక్క. బకెట్ నీళ్లలో నెమ్మదిగా ఆడించి మట్టి వదిలించాను. తల్లివేరు నుంచి పక్కవేళ్లు చీలే మూలల్లో ఆవగింజంత, అక్కడక్కడా జొన్నగింజంత బుడిపెలు ఉన్నాయి, చూడండి. ఒకదాన్ని గోటితో చీలుస్తున్నాను. లోపల గులాబీ రంగు. ఇలా ఉంటే బుడిపె పనిలో ఉన్నట్టు. పచ్చబారినా, గోధుమరంగుకు తిరిగినా దాని పని అయిపోయినట్టు. పళ్లెం వెనక వరుసల దాకా పంపిస్తున్నాను. మీరూ ఒకటి చీల్చి చూడండి.

ఆ గులాబీ రంగు కాపు కాస్తున్న ఎంజైము గురించే ఇవాళ మాట్లాడతాను. బుడిపెలో కాపురముండే బాక్టీరియాది ఆ ఎంజైము. దాని పేరు నైట్రోజినేజ్.

మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. అయినా ఏ పంటా దాన్ని నేరుగా తీసుకోలేదు. నత్రజని అణువులోని రెండు పరమాణువుల మధ్య ఉన్న త్రిబంధం అంత గట్టిది. ఒక మోల్ నత్రజనిలో ఆ బంధాలను తెంచడానికి దాదాపు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. యూరియాకు ముడిసరుకైన అమ్మోనియాను కర్మాగారాల్లో చేసేటప్పుడు ఇనుము ఉత్ప్రేరకంగా, 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, వంద వాతావరణాలు దాటిన పీడనంలో ఆ పని చేయిస్తారు. ఈ బుడిపెలో అదే పని చేలో మట్టికి ఉండే వేడిమిలోనే జరిగిపోతోంది. ఇక్కడా పనిచేసేది ప్రధానంగా ఇనుమే. తేడా అంతా ఆ ఇనుమును పేర్చిన తీరులో ఉంది.

నైట్రోజినేజ్ అంటే ఒక్క ప్రోటీను కాదు, ఒక జంట. చిన్నది ఇనుప ప్రోటీను. అందులో ఒకేలాంటి రెండు గొలుసులు, వాటి నడుమ నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువుల గుత్తి ఉంటాయి. కణాల్లో శక్తిని మోసే అణువైన ఏటీపీ వచ్చి అతుక్కునేది దీనికే. పెద్దది మాలిబ్డినం-ఇనుప ప్రోటీను. నాలుగు గొలుసులు కలిసి రెండు సగాలుగా ఉంటుంది. ఒక్కో సగంలో రెండు లోహపు గుత్తులు. ఒకటి 8 ఇనుములు, 7 గంధకాలు ఉన్న పి-క్లస్టర్. ఎలక్ట్రాన్లకు అది దారిలో మజిలీ. రెండోది ప్రోటీను లోలోపల దాగిన ఫెమోకో. అసలు పని జరిగేది అక్కడే. 7 ఇనుములు, 9 గంధకాలు, ఒక మాలిబ్డినం, ఆ మాలిబ్డినాన్ని పట్టుకుని హోమోసిట్రేట్ అనే చిన్న సేంద్రియ ఆమ్లం.

ఈ ఆకారాన్ని 1992లో అమెరికాలోని కాల్టెక్‌లో డగ్లస్ రీస్ బృందం బయటపెట్టింది. అజోటోబాక్టర్ వైన్‌లాండియై అనే నేల బాక్టీరియా ఎంజైమును స్ఫటికాలుగా చేసి, వాటి మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి చూశారు. అప్పటి చిత్రంలో ఫెమోకో నడిబొడ్డు ఖాళీగా కనిపించింది. చుట్టూ ఆరు ఇనుములు, మధ్యలో ఏమీ లేదు! ఒక్కో ఇనుముకు ఉండవలసినన్ని బంధాలు లేకుండా ఆ గుత్తి ఎలా నిలబడిందో చాలామందికి అంతుపట్టలేదు. పదేళ్ల తర్వాత, 2002లో, మరింత నిశితమైన చిత్రంలో ఆ ఖాళీలో ఒక తేలికపాటి పరమాణువు తేలింది. నత్రజనా, ఆక్సిజనా, కార్బనా? అది తేలడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 2011లో జవాబు దొరికింది: కార్బన్. కార్బన్‌కు నాలుగు చేతులని కదా మనం బడిలో నేర్చుకున్నాం. ఇక్కడ ఒకే ఒక్క కార్బన్ ఆరు ఇనుములను పట్టుకుని కూర్చుంది. ఆ బొమ్మ చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

హోమోసిట్రేట్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్వతంత్రంగా బతికే అజోటోబాక్టర్ దాన్ని తానే తయారు చేసుకుంటుంది. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియా అనే బాక్టీరియాల్లో చాలావాటికి ఆ పని చేసే జన్యువు లేదు. లోటస్ జపోనికస్ అనే మొక్క మీద చేసిన పరిశోధనలో, మొక్కే దాన్ని తయారుచేసి లోపలి బాక్టీరియాకు అందిస్తోందని తేలింది. బాక్టీరియా ఎంజైము గుండెకాయలో మొక్క చేసి ఇచ్చిన ముక్క ఉందన్నమాట.

ఇక పని తీరు. చిన్న ప్రోటీను రెండు ఏటీపీలతో వచ్చి పెద్దదాన్ని ఆనుకుంటుంది. ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, విడిపోతుంది, మళ్లీ నింపుకుని వస్తుంది. బావిలో నుంచి చేదతో తోడినట్టు విడతకు ఒక్కటే. చేద గట్టు చేరగానే పి-క్లస్టర్ తన దగ్గర ఉన్న ఎలక్ట్రాన్‌ను ముందు లోపలికి ఇచ్చేస్తుందని, ఆ లోటును చేదలోది పూడుస్తుందని ప్రయోగాలు చెబుతున్నాయి. అచ్చంగా చేబదులు వ్యవహారం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక నత్రజని అణువు రెండు అమ్మోనియాలుగా మారడానికి కావలసినవి 6 ఎలక్ట్రాన్లు. ఎంజైము తీసుకునేవి తక్కువలో తక్కువ 8. వాటికి 16 ఏటీపీలు. మిగిలిన రెండు ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ వాయువుగా బయటికి పోతాయి. ఎన్నో ఏళ్లు నేను కూడా తరగతిలో దీన్ని 'వృథా' అనే చెప్పాను. ఇప్పుడు ఆ మాట వాడను. ఈ వేదిక మీదికి రావడానికి ముఖ్య కారణం కూడా అదే.

ఫెమోకోలో నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు చేరినప్పుడు ఏమవుతుందో అమెరికా శాస్త్రవేత్తలు బ్రయాన్ హాఫ్‌మన్, డెనిస్ డీన్, లాన్స్ సీఫెల్ట్ బృందాలు ఏళ్ల తరబడి వెతికాయి. ఆ దశలో రెండు హైడ్రోజన్లు ఇనుముల మధ్య వంతెనల్లా, హైడ్రైడ్ల రూపంలో, అంటే ఒక్కో ఎలక్ట్రాన్ అదనంగా మోస్తూ ఉంటాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసి వాయువుగా వెళ్లిపోతూ, తమలోని రెండు ఎలక్ట్రాన్లను లోహం మీదే వదిలేస్తాయి. అంతవరకు నత్రజనిని పట్టించుకోని లోహం, ఆ క్షణంలో దాన్ని పట్టుకుని మొదటి బంధాన్ని వదులు చేయగలుగుతుంది. హైడ్రోజన్ పోవడం, నత్రజని చేరడం ఒకే అడుగు. బయానా చెల్లించనిదే ఈ బేరం కుదరదు.

దీనికి చాలా బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. ఎంజైముకు బరువైన హైడ్రోజన్‌ను, అంటే డ్యుటీరియం వాయువును అందిస్తే, నత్రజని కూడా ఉన్నప్పుడు మాత్రమే ఒక మామూలు హైడ్రోజన్, ఒక బరువు హైడ్రోజన్ కలిసిన వాయువు పుడుతుంది. నత్రజనిని తీసేస్తే అది పుట్టదు. అదే అడుగు వెనక్కి కూడా పడుతోందని, డ్యుటీరియం వచ్చి నత్రజనిని తోసేస్తోందని అర్థం. ఈ వింతను 1960ల నాటికే గమనించినా, దాని అర్థం బోధపడడానికి దశాబ్దాలు పట్టింది. అలా పోయే హైడ్రోజన్‌ను తిరిగి పట్టుకుని కొంత శక్తిని రాబట్టుకునే మరో ఎంజైము కొన్ని రైజోబియాలకు ఉంది.

పళ్లెంలోని గులాబీ రంగు దగ్గరికి వస్తాను. శుద్ధి చేసిన ఇనుప ప్రోటీనును గాలిలో పెడితే నిమిషం తిరక్కుండానే దాని శక్తి సగానికి పడిపోతుంది. కానీ ఏటీపీ పుట్టాలంటే బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కుముడిని అజోటోబాక్టర్ విపరీతంగా శ్వాసించి విప్పుకుంటుంది. మన వరి మళ్లలో వేసే అజొల్లాలోని అనబీనా అనే బాక్టీరియా మందపాటి గోడల ప్రత్యేక కణాల్లో దాక్కుంటుంది. వేరుశనగ మాత్రం మన నెత్తుటి హీమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్‌తో బుడిపెను నింపేస్తుంది. అది ఆక్సిజన్‌ను వదులుగా తిరగనివ్వకుండా పట్టుకుని, కొద్దికొద్దిగా బాక్టీరియాకు చేరవేస్తుంది. మీరు చూసిన రంగు దానిదే.

ఈ ఖర్చంతా మొక్క తన చక్కెరతో భరిస్తుంది. అందుకే నేలలో నత్రజని దండిగా దొరికితే బుడిపెలు పెట్టడం తగ్గించేస్తుంది. వేరుశనగకు, కందికి యూరియా ఎక్కువ వేయవద్దని రైతులకు చెప్పడం వెనక ఉన్నది ఈ 16 ఏటీపీల లెక్కే. వరి నాట్లకు ముందు జీలుగ, జనుము కలియదున్నినప్పుడు మడిలో కలిసేదీ ఇలా సంపాదించిన నత్రజనే.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. హైడ్రోజన్ వెళ్లిన క్షణాన నత్రజని సరిగ్గా ఏ ఇనుము మీద వాలుతుంది? ఒక ఇనుము మీదా, రెండింటి మధ్యా? చుట్టూ ఉన్న గంధకాల్లో ఒకటి అందుకు తప్పుకుని చోటిస్తుందా? దీని మీద ప్రయోగశాలల మధ్య గట్టి వాదన నడుస్తోంది. బోర్డు మీద ఆరు ఇనుములు, నడుమ కార్బన్ గీసి ఉంచాను. నత్రజనిని ఎక్కడ పెడతారో మీలో ఎవరైనా వచ్చి గీయండి. సుద్దముక్క ఇదిగో.